పాత కంప్యూటర్‌తోనే కీర్తన రికార్డింగ్: 25 వేలుంటే ముందు ఏం కొనాలి?



ఇంట్లో కీర్తనలు రికార్డ్ చేసుకునే ఫ్రెండ్స్ నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "కొత్త కంప్యూటర్ కొంటే ఆడియో బాగా వస్తుందా?" రాదండీ. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని, కంప్యూటర్ కొనమని చెప్పడం నాకూ ఇష్టమే. కానీ తిరుపతిలో మా చిన్న గదిని 25,000 రూపాయల్లో సరిచేసుకున్నప్పుడు కంప్యూటర్‌కి పెట్టింది అందులో ఐదో వంతే.

ఎందుకో చూద్దాం. మన గొంతు ముందు గదిలోకి వెళ్తుంది, అక్కడి నుంచి మైకులోకి, ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి, చివరికి కంప్యూటర్‌లోకి. మొదట్లో చెడిన శబ్దాన్ని చివర ఎంత ఖరీదైన మెషీనైనా బాగు చేయలేదు. కాబట్టి ఖర్చు కూడా అదే వరుసలో పెట్టాలి.

1. గది (ఖర్చు: సున్నా)

గది మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి. టంగుమని మోగితే ఆ మోత మీ పాటలోకీ వస్తుంది. పాడే మనిషి వెనకాల గోడకి ఒక పరుపు నిలబెట్టండి, పక్కన రెండు బొంతలు వేలాడదీయండి. బట్టలున్న బీరువా తలుపులు తెరిచిపెట్టినా మేలే. గుడ్ల అట్టలు అతికిస్తే బయటి శబ్దం ఆగుతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. బయటి శబ్దాన్ని ఆపాలంటే బరువైన గోడ కావాలి, అట్ట సరిపోదు.

ఫ్యాన్ ఆపాల్సిందే. మన ఎండలకి అది కష్టమే, అందుకే మేం తెల్లవారుజామున నాలుగున్నరకి కూర్చుంటాం. ఆ టైమ్‌కి రోడ్డు మీద హారన్లు కూడా తక్కువ. "తర్వాత సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ తీసేద్దాంలే" అనుకోవద్దు. ఎక్కువగా తీస్తే నాయిస్‌తో పాటు స, శ, ష అక్షరాలు కూడా అరిగిపోతాయి. సంకీర్తనకి ప్రాణం మాటే కదా!

2. మైకు (6,000), స్టాండు, పాప్ ఫిల్టర్, కేబుల్ (2,000)

కండెన్సర్ మైకు సున్నితంగా పట్టుకుంటుంది, కానీ గది చప్పుడంతా కూడా పట్టుకుంటుంది. దానికి ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇవ్వాలి. డైనమిక్ మైకుకి ఆ పవర్ అక్కర్లేదు, దగ్గరగా పాడితే గది చప్పుడు తక్కువగా వస్తుంది. మాలాంటి గదికి డైనమిక్కే సరిపోయింది. నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకి తిప్పి పెట్టండి. అప్పుడు ప, ఫ, భ పలికినప్పుడు గాలి మైకుని నేరుగా కొట్టదు.

3. ఇంటర్‌ఫేస్ (8,000)

సెట్టింగ్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకోండి. వీడియోకి అదే వాడుక. పాటలో గట్టిగా పలికే చోట మీటర్ మైనస్ 12 డీబీ దగ్గర ఉంటే చాలు. పైస్థాయి అందుకున్నప్పుడు సున్నా దాటి పగిలిందంటే ఆ టేక్ పోయినట్టే. 'జుమ్' అని మోత వస్తుంటే అది కరెంటు నుంచి వచ్చే 50 హెర్ట్జ్ శబ్దం కావచ్చు. ముందు ఇంటి ఎర్తింగ్ చూపించండి, కంప్యూటర్‌నీ ఇంటర్‌ఫేస్‌నీ ఒకే పవర్ స్ట్రిప్‌కి పెట్టండి.

4. కంప్యూటర్ (5,000)

చిన్న లెక్క. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక మోనో ట్రాక్ నిమిషానికి 8.64 ఎంబీ. ఆరు నిమిషాల కీర్తనకి గొంతు, తంబూర, మృదంగం, తాళం అని నాలుగు ట్రాకులు వేసినా దాదాపు 207 ఎంబీ. పదేళ్ల నాటి మెషీన్‌కి కూడా ఇది బరువు కాదు. మేం 3,000కి ఎస్ఎస్‌డీ, 2,000కి 8 జీబీ ర్యామ్ వేశాం, అంతే. తబలా, మృదంగం శాంపిల్స్ ఇప్పుడు త్వరగా లోడ్ అవుతున్నాయి.

పాడేటప్పుడు మీ గొంతు మీకే ఆలస్యంగా వినిపిస్తే బఫర్ తగ్గించండి. 128 శాంపిల్స్ అంటే 2.7 మిల్లీసెకన్లు, 1024 అంటే 21. రికార్డింగ్‌లో తక్కువ, మిక్సింగ్‌లో ఎక్కువ పెట్టుకోవాలి. సాఫ్ట్‌వేర్‌కి ఆడాసిటీ పూర్తిగా ఉచితం. రీపర్‌ని 60 రోజులు ట్రయల్‌గా వాడి చూసి కొనుక్కోవచ్చు.

5. దాచుకోవడం (4,000)

చాలామంది వదిలేసేది ఇదే. నేనూ వదిలేశాను. మా అవ్వ పాడిన మంగళహారతులన్నీ ఒకే హార్డ్ డిస్క్‌లో పెట్టుకున్నాను. అది పోయింది. తర్వాత అవ్వా పోయింది. వాట్సాప్‌లో పంపిన ఒక్క పాట మాత్రం పిన్ని ఫోన్‌లో దొరికింది. అందులో అవ్వ గొంతు కంటే ఫ్యాన్ చప్పుడే పెద్దగా ఉంది.

తాళ్ళపాక వాళ్లు ఎక్కడ ఖర్చు పెట్టారో చూడండి. తాటాకు చవక, కానీ అన్నమయ్య సంకీర్తనల్ని రాగిరేకుల మీద చెక్కించారు. తిరుమల ఆలయంలో భద్రంగా ఉన్న ఆ రేకులు 1922లో వెలుగులోకి వచ్చాయి. వాటి మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. అందుకే రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు లాంటి పెద్దలు ఎన్నో కీర్తనల్ని మళ్లీ స్వరపరచాల్సి వచ్చింది. అన్నమయ్య స్వయంగా ఎలా పాడారో మనం వినలేం.

మన చేతిలో మైకు ఉంది. కాబట్టి ప్రతి రికార్డింగ్‌కీ మూడు కాపీలు పెట్టుకోండి: కంప్యూటర్‌లో ఒకటి, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో గానీ వేరే ఊళ్లో చుట్టాల ఇంట్లో గానీ ఒకటి. ఎంపీ3 మాత్రమే కాదు, అసలు వేవ్ ఫైల్స్ దాచండి.

ఈ వారం ఏమీ కొనకండి. ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి, ఫ్యాన్ ఆపి, ఉన్న ఫోన్‌తోనే ఒక్క పాట పాడించుకోండి. మూడు చోట్ల దాచండి. మైకు సంగతి తర్వాత చూద్దాం.

గోవిందా గోవింద!