గాయం మీద ఏ ఆయింట్‌మెంట్ రాస్తున్నారు?

"ఆయింట్‌మెంట్ రాస్తూనే ఉన్నామండీ. ఎర్రదనం పోయింది, మంట పోయింది, పుండు మాత్రం పూడడం లేదు." డ్రెస్సింగ్ గదిలో ఈ మాట తరచుగా వినబడుతుంది. ఏ ఆయింట్‌మెంట్ అని అడిగితే సంచిలోంచి సగం పిండేసిన ట్యూబు ఒకటి బయటికి వస్తుంది. మెడికల్ షాపులో ఇచ్చారని కొందరు, పక్కింటి వాళ్ళకు బాగా పని చేసిందని కొందరు చెబుతారు. ఆ ట్యూబు మీద చిన్న అక్షరాలు చదివితే చాలాసార్లు అందులో స్టెరాయిడ్ మందు కనబడుతుంది. పుండు పూడకపోవడానికి అదే కారణం కావచ్చు.

స్టెరాయిడ్ చెడ్డ మందేమీ కాదు. సరైన జబ్బుకు వాడితే ఎంతో మేలు చేస్తుంది. కాని తెరిచి ఉన్న గాయం దాని చోటు కాదు. ఎందుకో తెలియాలంటే గాయం ఎలా మానుతుందో కొంచెం తెలుసుకోవాలి.

ఎరుపు, వాపు ఎందుకు వస్తాయి?

కోత కోస్తుండగా కొడవలి వేలికి తగిలిందనుకోండి. కొద్ది నిమిషాల్లో రక్తం గడ్డకట్టి కారడం ఆగుతుంది. తరువాత గాయం చుట్టూ ఉన్న సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి. అందుకే ఆ చోటు ఎర్రబడి వెచ్చగా ఉంటుంది. నాళాల్లోంచి నీరు, తెల్ల రక్తకణాలు గాయంలోకి దిగుతాయి. అందుకే వాపు, నొప్పి. ఎరుపు, వేడి, వాపు, నొప్పి అనే ఈ నాలుగు గుర్తులను మొదటి శతాబ్దంలోనే, అంటే అపొస్తలుల కాలంలోనే, సెల్సస్ అనే రోమా రచయిత తన వైద్య గ్రంథంలో రాశాడు. డాక్టర్లు దీనిని ఇన్‌ఫ్లమేషన్ అంటారు. మనకది జబ్బులా కనబడుతుంది గాని, నిజానికి దేవుడు మన శరీరంలో పెట్టిన మరమ్మతు పని అప్పుడే మొదలైందన్నమాట.

మొదటి రోజు వచ్చే తెల్లకణాలు సూక్ష్మక్రిములను పట్టి చంపుతాయి. రెండు మూడు రోజులకు మాక్రోఫేజ్‌లు అనే పెద్ద కణాలు చేరతాయి. ఇవి చచ్చిన కణాలను, మురికిని తినేసి శుభ్రం చేస్తాయి. అంతటితో ఊరుకోవు. కొత్త కండ కట్టే కణాలను రమ్మని కబురు పంపేవి కూడా ఇవే. ఆ కబురు అందాకనే కొల్లాజెన్ అనే గట్టి పోగులు తయారవుతాయి, కొత్త రక్తనాళాలు మొలుస్తాయి, గాయం అడుగున ఎర్రటి గింజల్లాంటి కండ వస్తుంది. దాని మీదుగా అంచుల నుంచి చర్మం మెల్లగా పాకుతూ వచ్చి మూసుకుంటుంది. పైకి మూసుకున్నా లోపల పని నెలల తరబడి సాగుతుంది. బాగా మానిన మచ్చకు కూడా చివరికి మామూలు చర్మానికి ఉండే బలంలో సుమారు 80 శాతమే వస్తుంది.

మొదటి మెట్టు అయిన ఇన్‌ఫ్లమేషన్ లేకపోతే తరువాతి మెట్లు సరిగా రావని గుర్తుంచుకోండి.

స్టెరాయిడ్ రాస్తే ఏమవుతుంది?

1948లో అమెరికాలో డాక్టర్ ఫిలిప్ హెంచ్ కీళ్ళవాతంతో కదల్లేని రోగికి కార్టిసోన్ ఇచ్చినప్పుడు కొద్ది రోజుల్లోనే వచ్చిన మార్పు చూసి లోకం ఆశ్చర్యపోయింది. 1950లో ఆయనకు, మరి ఇద్దరు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి వచ్చింది. 1952లో ఈ జాతి మందును చర్మం మీద పూసి మేలు పొందవచ్చని చూపించారు. అయితే కార్టిసోన్ వాడేవారికి గాయాలు ఆలస్యంగా మానుతున్నాయని డాక్టర్లు ఆ తొలి సంవత్సరాల్లోనే గమనించారు.

కారణం సులభంగానే అర్థమవుతుంది. స్టెరాయిడ్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, కాబట్టి ఎరుపు పోతుంది. తెల్లకణాలను గాయంలోకి రానివ్వదు, కాబట్టి వాపు, నొప్పి తగ్గుతాయి. రోగికి హాయిగా ఉంటుంది. కాని శుభ్రం చేసేవారు రాలేదు, కబురు పంపేవారు రాలేదు. కొల్లాజెన్ తయారీ మందగిస్తుంది, అంచుల చర్మం ముందుకు పాకదు. పుండు లేతగా, పాలిపోయి, వారాల తరబడి అలాగే ఉండిపోతుంది. ఎక్కువ కాలం రాస్తే చుట్టూ ఉన్న మంచి చర్మం కూడా పలచబడి, చిన్న దెబ్బకే చిట్లుతుంది. మందు ఎంత బలమైనదైతే ఈ నష్టం అంత ఎక్కువ. హైడ్రోకార్టిసోన్ బలహీనమైనది, క్లోబెటసాల్ చాలా బలమైనది.

ఇంతకంటే ప్రమాదం ఇంకొకటి ఉంది. లోపల చీము పడుతున్నా పైకి ఎరుపు, నొప్పి సరిగా కనబడవు. అంటే దొంగ ఇంట్లో ఉండగానే కుక్క నోరు కట్టేసినట్టు. షుగరు ఉన్న రైతు మడమలో ముల్లు గుచ్చుకుందనుకోండి. పాదంలో స్పర్శ ముందే తక్కువ. పైన ఈ క్రీము రాస్తే ఉన్న కాస్త హెచ్చరిక కూడా పోతుంది. పది రోజుల తరువాత జ్వరంతో ఆసుపత్రికి వచ్చేసరికి చీము ఎముక దాకా వెళ్ళి ఉండవచ్చు. కుష్టు వ్యాధి వలన పాదాలు మొద్దుబారిన వారి విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి.

ట్యూబు మీద ఏమి చదవాలి?

పైన పెద్ద అక్షరాల్లో ఉండే పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేర్లు చూడండి. కళ్ళు ఆనకపోతే బడికి వెళ్ళే మనవడినో మనవరాలినో చదవమనండి. బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్, డెక్సామెథసోన్, హైడ్రోకార్టిసోన్ వంటి పేరు ఏది ఉన్నా అది స్టెరాయిడే. చాలామంది మోసపోయేది రెండు మూడు మందులు కలిపిన క్రీముల దగ్గర. నియోమైసిన్ లేక జెంటామైసిన్, క్లోట్రిమజోల్, వాటితో పాటు స్టెరాయిడ్. "ఇది చీము పట్టకుండా ఇచ్చిన మందే కదా" అంటారు. అందులో ఒక భాగం మాత్రమే అది. తామరకు ఇలాంటి క్రీము రాస్తే మూడు రోజులు దురద తగ్గి, తరువాత ఒళ్ళంతా పాకడం కూడా మనం చూస్తూనే ఉన్నాం. 2018లో కేంద్ర ప్రభుత్వం అనేక స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలనే జాబితాలో చేర్చింది. చీటీ లేకుండా అడగకండి, ఇస్తామన్నా తీసుకోకండి.

బెణుకులకు, నడుము నొప్పికి రాసుకునే డైక్లోఫెనాక్ జెల్ స్టెరాయిడ్ కాదు. అయినా అది చిట్లని చర్మం మీద రాయడానికే. తెరిచి ఉన్న గాయం మీద వద్దు.

మరి పసుపు సంగతి? పసుపులో వాపును తగ్గించే గుణం ఉందని ప్రయోగశాలల్లో చూశారు. కాని వంటింటి డబ్బాలోని పొడి శుభ్రమైన మందు కాదు. గాయంలో గడ్డకట్టి అడుగున ఏముందో కనబడనివ్వదు. కాఫీపొడి, సున్నం, కాలిన చోట టూత్‌పేస్ట్ గురించి వేరే చెప్పనవసరం లేదు.

గాయానికి ఏం చేయాలి?

చిన్న గాయమైతే పారే మంచినీటితో, సబ్బుతో కడిగి, పలుచగా వేజలైన్ రాసి, శుభ్రమైన గుడ్డతో కట్టండి. గాలి తగిలి ఎండి పక్కు కడితేనే మానుతుందని మన పెద్దల నమ్మకం. 1962లో జార్జి వింటర్ అనే శాస్త్రవేత్త పందుల చర్మం మీద పరీక్షించి, కప్పి తడిగా ఉంచిన గాయం మీదకు చర్మం త్వరగా పాకుతుందని చూపించాడు. లూకా సువార్తలోని మంచి సమరయుడు కూడా నూనె, ద్రాక్షారసం పోసి ఊరుకోలేదు. గాయాలు కట్టాడు, ఆ మనిషిని ఒక చోటికి చేర్చి కనిపెట్టుకుని ఉన్నాడు. టెటనస్ ఇంజెక్షన్ సంగతి నర్సమ్మగారిని అడగండి.

పప్పు తింటే చీము పడుతుందని ఇళ్ళలో పత్యం పెడతారు. దయచేసి ఈ మాట నమ్మకండి. కొత్త కండ కట్టడానికి మాంసకృత్తులు కావాలి. అవి పప్పులో, గుడ్డులో, పాలలో, చేపలో ఉన్నాయి. చారు అన్నంతో సరిపెడితే గాయం మరింత ఆలస్యమవుతుంది. షుగరు అదుపులో లేకపోయినా, బీడీ, సిగరెట్ మానకపోయినా ఏ ఆయింట్‌మెంట్ సహాయం చేయలేదు.

ఒక హెచ్చరిక. ఇది చదివి ఎగ్జిమాకో సోరియాసిస్‌కో డాక్టరు రాసిచ్చిన క్రీము మానేయకండి. ఆ జబ్బుల్లో ఇన్‌ఫ్లమేషనే అసలు సమస్య, అక్కడ స్టెరాయిడ్ సరైన మందే. చిట్లి పుండు పడిన చోట మాత్రం డాక్టరును అడిగి రాయండి. ఉబ్బసానికో, కుష్టు రియాక్షన్‌కో ప్రెడ్నిసోలోన్ మాత్రలు వాడేవారు గాయమైందని వాటిని అకస్మాత్తుగా ఆపితే ప్రాణానికే ప్రమాదం. డ్రెస్సింగ్‌కు వచ్చినప్పుడు ఆ మాత్రల సంగతి చెప్పండి, చాలు. గాయం మీద అవసరానికి మించి కండ పెరిగినప్పుడు డాక్టరే కొద్ది రోజులు స్టెరాయిడ్ రాయించడం కూడా ఉంది. అది చూసి నిర్ణయించవలసిన విషయం.

మొదటి రెండు మూడు రోజులు గాయం అంచున కొద్దిపాటి ఎరుపు సహజం. ఆ తరువాత ఎరుపు విస్తరిస్తున్నా, నొప్పి పెరుగుతున్నా, చీము, దుర్వాసన, జ్వరం ఉన్నా, గాయం నుంచి పైకి ఎర్రటి చార పాకినా ఆలస్యం చేయకండి. రెండు వారాలకు పూడని పుండును తప్పక చూపించండి. షుగరు ఉన్నవారి పాదం మీద ఎంత చిన్న గాయమైనా ఆ రోజే రావాలి. వచ్చేటప్పుడు ఇంట్లో వాడిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకుని తీసుకురండి. ఎవరిచ్చారని మేము కోప్పడము. అందులో ఏముందో చదవాలి, అంతే.