టైడా కొండ మీద నుంచి ఆన్‌లైన్ అమ్మకం: వెబ్‌సైట్ కంటే ముందు ఒక్క ప్యాకెట్ లెక్క

పసుపు ఉడకబెట్టి ఆరబెట్టే పద్ధతి పై వీడియోలో చూశారు. ఆ పసుపుని మనమే పొడి పట్టించి, ప్యాక్ చేసి, ఆన్‌లైన్‌లో అమ్మాలంటే ఏం చేయాలో ఈ పాఠంలో చూద్దాం. చాలామంది ముందు అడిగేది “వెబ్‌సైట్‌కి ఎంతవుతుంది?” అని. దాని సంగతి చివర్లో. ముందు ఒక్క ప్యాకెట్ మన ఇంటి నుంచి కస్టమర్ గుమ్మం దాకా వెళ్లడానికి ఎంత అవుతుందో తెలియాలి.

వ్యవసాయ డిప్లొమాలో ఎకరానికి సాగు ఖర్చు వేయడం నేర్పుతారు. ఆన్‌లైన్ వ్యాపారంలో లెక్క ఎకరం మీద కాదు, పార్శిల్ మీద నడుస్తుంది.

1. అర కిలో ప్యాకెట్ లెక్క

పచ్చి దుంప 100 కిలోలు ఉడకబెట్టి ఆరబెడితే ఎండు కొమ్ములు సుమారు 20 కిలోలే వస్తాయి. ఇది మనందరికీ తెలిసిందే. కింద వేసిన రేట్లు మాత్రం ఉదాహరణ కోసం. మీ సంత రేటు, మీ పోస్టాఫీసు రేటు పెట్టి మళ్లీ వేసుకోండి.

ఎండు కొమ్ములు కిలో 120 రూపాయలు, శుభ్రం చేసి మిల్లు పట్టించడానికి 20 అనుకుందాం. కిలోకి 950 గ్రాముల పొడి వస్తుంది అనుకుంటే, అర కిలో పొడికి:

- పొడి: 74
- కవరు, లేబుల్: 12
- అట్టపెట్టె, టేపు: 10
- పార్శిల్ ఛార్జి: 70
- ఘాట్ దిగి శృంగవరపుకోట వెళ్లే ఖర్చులో వాటా: 8
- పేమెంట్ ఛార్జి: 5
- చిరిగినవి, పోయినవి: 6

మొత్తం 185. మీరు 220కి అమ్మితే మిగిలేది 35. చూశారా, పసుపు 74 రూపాయలైతే దాన్ని పంపడానికి అయ్యేది 111. కొండ మీద వ్యాపారం అంటే ఇదే. సరుకు చౌక, దారి ఖరీదు.

పైగా కస్టమర్ “ఇంటికొచ్చాక డబ్బులిస్తా” అని ఆర్డర్ పెట్టి, తీరా పార్శిల్ వచ్చాక వద్దంటే? రానూ పోనూ ఛార్జి 140. అంటే నాలుగు ప్యాకెట్ల లాభం ఒక్క దెబ్బకి పోయినట్టే. అందుకే మొదటి ఏడాది యూపీఐలో ముందే డబ్బు తీసుకుని పంపండి. నమ్మకం కుదిరాక మిగతావి ఆలోచించవచ్చు.

2. ప్యాకెట్ కాదు, పెట్టె అమ్మండి

అదే కస్టమర్‌కి నాలుగు ప్యాకెట్లు, అంటే 2 కిలోలు, ఒకే పెట్టెలో పంపితే లెక్క మారిపోతుంది. పొడి 296, కవర్లు 48, పెట్టె 18, పార్శిల్ 130, రవాణా వాటా 12, పేమెంట్ ఛార్జి 15, నష్టం 20. మొత్తం 539. ప్యాకెట్ 220 బదులు 200కే ఇచ్చినా 800 వస్తుంది. మిగిలేది 261, అంటే ప్యాకెట్‌కి 65. కస్టమర్‌కి 20 తగ్గింది, మనకి 30 పెరిగింది.

2 కిలోల పసుపు ఒక్క ఇంటికి ఎక్కువే. అందుకని పసుపుతో పాటు మిరియాలు, రాజ్‌మా, చిరుధాన్యాలు కలిపి పెట్టె చేయండి. లేదా ఒకే అపార్ట్‌మెంట్‌లో నలుగురు కలిసి తెప్పించుకునేలా చెప్పండి.

పెట్టె సైజు కూడా చూసుకోండి. చాలా కొరియర్ కంపెనీలు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. 30×20×20 పెట్టె అంటే 2.4 కిలోలు. లోపల 2 కిలోలే ఉన్నా 2.4 కిలోల లెక్కన తీసుకుంటారు. ఖాళీ గాలికి మనం డబ్బు కట్టకూడదు కదా.

3. పక్క రైతు సరుకు: కాటా దగ్గరే డబ్బు

ఆర్డర్లు పెరిగితే మన చేను సరిపోదు. పినతండ్రి దగ్గరో, పక్కింటి వదిన దగ్గరో కొంటాం. ఇక్కడే జాగ్రత్త. సంతలో షావుకారు తక్కువ రేటు ఇచ్చినా డబ్బు చేతిలో పెడతాడు. మనం “ఆన్‌లైన్‌లో అమ్ముడయ్యాక ఇస్తాం” అంటే, వాళ్ల ఏడాది కష్టాన్ని మన వ్యాపారానికి వడ్డీ లేని అప్పుగా తీసుకున్నట్టే. అమ్ముడుపోకపోతే మునిగేది వాళ్లు.

పై పెట్టె లెక్కలో కిలోకి 120 బదులు 130 ఇచ్చినా మనకి సుమారు 240 మిగులుతుంది. కాబట్టి సంత కంటే 10 ఎక్కువ ఇవ్వండి, కాటా దగ్గరే ఇవ్వండి, ఇవ్వగలిగినంతే కొనండి.

మీ దగ్గర 20,000 ఉన్నాయనుకోండి. సగం సరుకుకి, సగం ప్యాకింగ్, పార్శిల్ ఖర్చులకి. 10,000కి 76 కిలోల కొమ్ములు వస్తాయి. పొడి 72 కిలోలు, అంటే 36 పెట్టెలు. అన్నీ అమ్మితే మిగిలేది 8,640. మన కూలి కూడా ఇందులోనే. మొదటి ఏడాది ఇంతకంటే ఎక్కువ ఆశ పెట్టుకుని అప్పు చేయొద్దు.

4. పంట ఒకసారి, ఆర్డర్లు ఏడాదంతా

పసుపు తవ్వేది జనవరి నుంచి మార్చి వరకు. ఆర్డర్ శ్రావణమాసంలో కూడా వస్తుంది. అప్పుడు మన దగ్గర వాన, తేమ. అందుకే మొత్తం ఒకేసారి పొడి పట్టించకండి. కొమ్ములుగానే ఉంచితే వాసన, రంగు నిలుస్తాయి. శుభ్రమైన గోనె సంచుల్లో, నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకి తగలకుండా పేర్చండి. పదిహేను, ఇరవై రోజులకి సరిపడా మాత్రమే పొడి పట్టించండి.

వానలకి ఘాట్‌లో రాళ్లు పడి దారి ఆగితే ఆ సంగతి కస్టమర్‌కి ఆరోజే మెసేజ్ పెట్టండి. ఆలస్యాన్ని జనం ఓర్చుకుంటారు, మౌనాన్ని ఓర్చుకోరు.

5. కాగితాలు

పొడి పట్టి ప్యాక్ చేసి అమ్మేవాళ్లకి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ కావాలి. చిన్న వ్యాపారులకి బేసిక్ రిజిస్ట్రేషన్ ఉంది. ఫాస్కాస్ పోర్టల్‌లో మనమే పెట్టుకోవచ్చు. 14 అంకెల నంబర్ వస్తుంది. లేబుల్ మీద ఆ నంబర్‌తో పాటు వస్తువు పేరు, నికర తూకం, ఎమ్మార్పీ, ప్యాక్ చేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలి, చిరునామా, ఫిర్యాదుకి ఫోన్ నంబర్, ఆకుపచ్చ గుర్తు, బ్యాచ్ నంబర్ ఉండాలి. బ్యాచ్ నంబర్ మనకే ఉపయోగం. తేడా వస్తే అది ఏ చేను సరుకో తెలుస్తుంది.

జీఎస్టీలో ఒక మెలిక ఉంది. హైదరాబాద్ మనకి దగ్గరి ఊరిలా అనిపించినా 2014 నుంచి అది వేరే రాష్ట్రం. వేరే రాష్ట్రానికి వస్తువు అమ్మే వ్యాపారికి టర్నోవర్ ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ ఉండాలన్నది సాధారణ నియమం. సొంత పంటని అమ్మే రైతుకి మినహాయింపు ఉంది. పొడి చేసి, పక్కవాళ్ల సరుకు కూడా కలిపి అమ్మితే మీరు ఏ లెక్కలోకి వస్తారో ముందే ఒక అకౌంటెంట్‌ని అడగండి.

“ఆర్గానిక్” అని ముద్ర వేసి ఆన్‌లైన్‌లో అమ్మాలంటే ఎన్‌పీఓపీ లేదా పీజీఎస్-ఇండియా సర్టిఫికెట్ తీసుకోండి. పీజీఎస్‌లో కనీసం ఐదుగురు రైతులు గుంపుగా చేరి ఒకరి చేను ఒకరు తనిఖీ చేస్తారు. మన ఊళ్లకి సరిపోయే పద్ధతి ఇది. “మా పసుపుతో షుగర్ తగ్గుతుంది, క్యాన్సర్ రాదు” లాంటి మాటలు లేబుల్ మీదా వద్దు, వీడియోలోనూ వద్దు. చట్టం ఒప్పుకోదు, మనమూ నిరూపించలేం.

6. అరకు పేరు వెనక ఉన్న పని

“అరకు అని పెడితే చాలు, అమ్ముడైపోతుంది” అంటారు కొందరు. ఆ పేరు ఊరికే రాలేదు. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది. నాంది ఫౌండేషన్‌తో పనిచేసే గిరిజన కాఫీ రైతుల సహకార సంఘం 2007లో ఏర్పడింది. పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచింది 2017లో. ఆ మధ్య పదేళ్లు పండిన పండే కోయడం, గింజ ఏరడం, రుచి చూసి వేరు చేయడం నడిచాయి. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ఈ ప్రాంతపు అరబికా కాఫీకి వచ్చిన గుర్తింపు, పసుపుకో తేనెకో కాదు. మన ప్యాకెట్ మీద మన ఊరి పేరు వేసుకుందాం. టైడా అన్నది కూడా మంచి పేరే.

7. ఈ నెల చేయాల్సిన పని

వెబ్‌సైట్ వద్దు, ప్రకటనలు వద్దు. ఫోన్‌లో వాట్సాప్ బిజినెస్ పెట్టి, కేటలాగ్‌లో మూడే వస్తువులు ఉంచండి. విశాఖలో, విజయవాడలో తెలిసినవాళ్లకి పది పెట్టెలు డబ్బు తీసుకునే పంపండి. ఒక నోట్‌బుక్‌లో ఐదు గడులు గీయండి: పంపిన తేదీ, చేరిన తేదీ, మొత్తం ఖర్చు, వచ్చిన డబ్బు, రెండు నెలల్లో మళ్లీ అడిగారా లేదా.

ఆ ఐదో గడే అసలు పరీక్ష. పదిమందిలో నలుగురు మళ్లీ అడిగితే అప్పుడు వెబ్‌సైట్ గురించి మాట్లాడుకుందాం. ఒక్కరూ అడగకపోతే సరుకులోనో, ప్యాకింగ్‌లోనో, రేటులోనో తేడా ఉంది. ముందు అది సరిచేసుకోవాలి. ఆ మాట పది పెట్టెల దగ్గర తెలియడం చౌక. పక్కింటి వదిన పసుపంతా మన అటక మీదకి ఎక్కాక తెలిస్తే చాలా ఖరీదు.

తర్వాతి పాఠంలో తేమ పట్టకుండా ప్యాకింగ్ చేయడం వీడియోతో సహా చూద్దాం. ఉంటాను.