అడవి రాసుకునే లాగ్

ఎవరు వచ్చారు? ఎప్పుడు? ఎటు వెళ్ళారు? సర్వరు లాగ్ తెరిచినప్పుడల్లా మనం వెతికేది వీటికి జవాబులే. నేనుంటున్న బాతెల్ చుట్టుపక్కల, అంటే వాషింగ్టన్ రాష్ట్రం పడమటి భాగపు నీడపట్టు అడవుల్లో, ఇలాంటి లాగ్ రాసే మొక్క ఒకటి ఉంది. దాని శాస్త్రీయ నామం అడెనోకాలన్ బైకలర్. ఇక్కడివాళ్ళు పాత్‌ఫైండర్ అంటారు. దారి చూపేది అన్నమాట.

ఇది పొద్దుతిరుగుడు కుటుంబానిదే. కానీ పూలు తెల్లగా, ఎంత చిన్నవంటే చూసి ఆ చుట్టరికం పోల్చుకోవడం కష్టం. ఈ ప్రజాతికి 1829లో విలియం హుకర్ పేరు పెట్టాడు. గ్రీకులో ‘గ్రంథులున్న కాడ’ అని అర్థం. ఇందులో జాతులు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్నే. ఒక జాతి ఇక్కడుంటే, ఇంకొకటి మన హిమాలయాల నుంచి జపాన్ దాకా, మరొకటి చిలీ, అర్జెంటీనాల్లో పెరుగుతాయి.

ఇక లాగ్ సంగతి చూద్దాం. దీని ఆకు పైన పచ్చగా, అడుగున తెల్లటి నూగుతో ఉంటుంది. వీటి మధ్యనుంచి నడిస్తే కాలు తగిలి కొన్ని ఆకులు తిరగబడతాయి. వెనక్కి చూస్తే మనం వచ్చిన దారి పచ్చదనంలో తెల్లగా కనిపిస్తుంది. ఇది సర్వరు లాగ్ లాంటిది.

దీని దగ్గర కుకీ కూడా ఉంది! గడ్డిచామంతి గింజకుండే కుచ్చు దీనికి లేదు, అందుకని గాలికి ఎగరలేదు. బదులుగా కాయమీద జిగురు గ్రంథులుంటాయి. మన ఊళ్ళలో ఉత్తరేణి గింజల్లాగే ఇవీ బట్టలకు అంటుకుని మనతో వచ్చేస్తాయి.

మరి ఈ లాగ్‌ను ఎంతవరకు నమ్మవచ్చు? తిరగబడ్డ ఆకులో యూజర్ ఐడీ లేదు. వెళ్ళింది మనిషో జింకో తెలియదు. టైమ్‌స్టాంప్ లేదు. మొక్కలు లేనిచోట అసలు ఎంట్రీయే ఉండదు. దారి తప్పినవాళ్ళు దీన్ని గుడ్డిగా నమ్మితే జింక వెనక లోతట్టు అడవిలోకి పోవచ్చు.

మన ఆఫీసుల్లోనూ అంతే. అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోతే, ఆ సమయానికి లాగ్‌లో ఎవరి పేరుంటే వాళ్ళదే తప్పని తేల్చేస్తే ఒకరి ఉద్యోగానికే ముప్పు రావచ్చు. షేర్డ్ అకౌంటు కావచ్చు, ఆటోమేటిక్‌గా నడిచే స్క్రిప్టు కావచ్చు. కాబట్టి ఎవరినైనా వేలెత్తి చూపేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ ఎంట్రీ ఎవరిదో నిజంగా తెలుసా? సమయం సరైనదేనా? లాగ్ రాయని చోట ఏం జరిగి ఉండవచ్చు? ఆకు చెప్పినదాన్ని కాయతో కూడా సరిచూసుకున్నాకే నిర్ణయానికి రావాలి.