ఘంటానాదము - తరంగతత్త్వము

దేవతార్చనకు ఉపక్రమించు గృహస్థుడు ముందుగా ఘంటానాదము చేయును. ఆ నాదము దేవతలకు ఆహ్వానమనియు, ఆసుర ప్రవృత్తులకు నిష్క్రమణ సూచన యనియు పెద్దలు చెప్పుదురు. ఆలయములందును గంట గంటమండపముననే యుండును. నాదము మాత్రము ప్రాకారములను దాటి వీధిలోని భక్తుని చెవిని చేరును. గంట కదలి రాలేదు. మరి భక్తుని చేరినది ఏమి? ఈ చిన్న ప్రశ్నలో ప్రకృతిశాస్త్రమునకు చెందిన ఒక గొప్ప సత్యము ఇమిడియున్నది.

కంపనము

కంచుగంటకు నాలుక తగిలినంతనే దాని అంచు ఇంచుక వంగును. లోహమునకు సహజమైన స్థితిస్థాపకత్వముచే అది యథాస్థానమునకు మరలును. మరలిన వేగముచే ఆ స్థానమును దాటి ఆవలి ప్రక్కకు వంగును. ఇట్లు సెకండుకు వందలకొలది పర్యాయములు ముందువెనుకలకు ఊగుటయే కంపనము. మ్రోగుచున్న గంట అంచును వ్రేలికొనతో మెల్లగా తాకినచో ఆ అదురు తెలియును. అరచేతితో బిగించి పట్టినచో నాదము తత్క్షణమే అణగిపోవును.

తరంగము

కంపించు అంచు తన చెంతనున్న గాలిని నెట్టును. ఆ గాలి దగ్గరకు ఒత్తుకొని, తన ప్రక్కనున్న గాలిని నెట్టి, తాను వెనుకకు మరలును. ఈ ఒత్తిడియు సడలింపును వరుసగా ముందునకు సాగుటయే శబ్దతరంగము. 20 డిగ్రీల సెంటీగ్రేడు ఉష్ణముగల గాలిలో ఇది సెకండుకు సుమారు 343 మీటర్లు పయనించును. గాలి రేణువులు మాత్రము తమ తమ తావులందే అటునిటు ఊగుచుండును.

పుష్కరిణిలో గులకరాయి పడినపుడు అలలు మెట్లవరకు వచ్చును. నీటిపై తేలు తులసీదళము మాత్రము ఆ అలలతో మెట్లకు కొట్టుకొనిరాదు; ఉన్నచోటనే లేచి పడుచుండును. మన నైయాయికులు శబ్దవ్యాప్తిని వివరించుటకు ఈ దృష్టాంతమునే గ్రహించి, దానికి వీచీతరంగ న్యాయమని పేరిడిరి. కడిమి పువ్వు కేసరములవలె శబ్దము అన్ని దిక్కులకు ఒక్కమారుగా వ్యాపించునని తెలుపునది కదంబగోళక న్యాయము. పదునేడవ శతాబ్దికి చెందిన విశ్వనాథ పంచాననుని భాషాపరిచ్ఛేదమున ఈ రెండును కానవచ్చును.

శక్తి

ఇట్లు పదార్థము కదలిరాక యున్నను తరంగము మోసికొని వచ్చునది శక్తి. అర్చకుని చేతి బలము గంటకును, గంట కంపనము గాలికిని, గాలి కదలిక చెవిలోని కర్ణభేరికిని సంక్రమించుచున్నది. కంపనపు ఊపు రెట్టింపైనచో తరంగము మోయు శక్తి నాలుగింతలగును. ఆరుబయట దూరము రెట్టింపైనచో చెవికి అందు శక్తి నాలుగవ వంతగును. శక్తి పంచియిచ్చిన గంట క్రమముగా నిశ్శబ్దమగును. ఆ శక్తి నశించినది కాదు. తుదకు స్వల్పమైన వేడిగా మారి గాలిలో కలిసినది.

తరంగము మోయు శక్తి ఎంతటిదో 2004 డిసెంబరు 26న లోకము చూచినది. సుమత్రా సమీపమున సముద్రగర్భమునందు సంభవించిన భూకంపముచే లేచిన తరంగములు రెండు గంటలకు పైగా పయనించి భారతదేశపు తూర్పుతీరమును, అందు ఆంధ్రతీరమును సైతము తాకినవి. సుమత్రా చెంత నీరు ఇచటికి రాలేదు; వచ్చినది శక్తియే.

అయినను ఒక వివేకము అవసరము. శాస్త్రము కొలుచునది చెవివరకు వచ్చు శక్తిని మాత్రమే. ఆ నాదము విని హృదయము ద్రవించుటకు కారణము భక్తి. మంత్రఫలమును కంపనసంఖ్యతో కొలువబూనుట శాస్త్రమునకును, భక్తికిని న్యాయము కాదు. ఆకాశమునందు శబ్దము తానేనని గీత సప్తమాధ్యాయమున భగవానుడు సెలవిచ్చెను. భక్తునికి ఆ స్మరణయే చాలును.

ఘంటావతారము

శ్రీవైష్ణవ సంప్రదాయమున శ్రీ వేదాంతదేశికులు తిరుమల శ్రీనివాసుని ఘంటాంశమున అవతరించినవారని ప్రసిద్ధి. తల్లి తోతారాంబ స్వామి ఘంటను మ్రింగినట్లు స్వప్నము గాంచెననియు, పిదప 1268లో కాంచీసమీపమునగల తూప్పుల్ గ్రామమున వారు జన్మించిరనియు పెద్దలు చెప్పుదురు. 1369లో వారు పరమపదించిరి. గంట కానరాదు, నాదము నేటికిని వినవచ్చుచున్నది. అది ఆచార్యునినుండి శిష్యునికి, శిష్యునినుండి ప్రశిష్యునికి వచ్చినది.

గాలి రేణువు తాను పొందిన కదలికను తనయందే దాచుకొనదు. ప్రక్కవానికి అందించి తన తావున నిలుచును. గురుపరంపర ధర్మమును అట్టిదే. విన్నది తనయందే నిలుపుకొనువానియొద్ద నాదము ఆగిపోవును. బిగించి పట్టిన గంటవంటివాడు వాడు.

మరియొక విషయము. దూరమేగిన కొలది తరంగము సన్నగిలును. తాతగారి నోట నిత్యము మ్రోగిన పాశురము తండ్రియొద్ద పండుగనాటికి మాత్రమే మిగిలి, కుమారునికి పేరుగా మాత్రమే తెలిసియుండుట నేటి గృహములందు అరుదు కాదు. దీనికి ఉపాయము ఒక్కటియే: గంటను మరల మ్రోగించుట. ప్రతిదినము సాయంసంధ్యయందు దీపము పెట్టి, బిడ్డలను చెంత కూర్చుండబెట్టుకొని, ఒక్క పాశురమైనను, ఒక్క శ్లోకమైనను వారిచే పలికించినచో ఆ నాదము ఇంకొక తరమునకు చేరును.