ధూపద్రవ్యములు – వృక్షముల బంధుత్వము

భగవదారాధనయందలి షోడశోపచారములలో ధూపమొకటి. పత్రపుష్పఫలములను కంటితో చూచి గుర్తింపవచ్చును గాని, ధూపద్రవ్యము విషయమున అది సులభము కాదు. తొండుపల్లిలో గాని, తిరుపతిలో గాని అంగడివాడు "గుగ్గిలము" అని పొట్లము కట్టి యిచ్చినచో, అది ఏ చెట్టు జిగురు? ఈ యొక్క పేరు కనీసము మూడు చెట్లకు చెల్లుచున్నది.

అమరసింహుడు ఈ విషయమున మనకంటె జాగరూకుడు. గుగ్గులువునకు కౌశికము, పురము అనియు, సల్లకికి గజభక్ష్య, కుందురుకి, హ్లాదిని అనియు, సాలవృక్షపు జిగురునకు సర్జరసము, రాల, యక్షధూపము అనియు వేర్వేరు నామములను చెప్పెను. ఏనుగులకు ప్రీతికరమగుటచే సల్లకి గజభక్ష్యయైనది. తెలుగులో మాత్రము గుగ్గులు శబ్దభవమైన "గుగ్గిలము" సాలవృక్షపు రాలకు పేరై, శేషాచలమున కొండగుగ్గిలమను రూపమున సల్లకి జాతి చెట్టునకును చేరినది. అంగళ్లలోని మైసాక్షి యన్న మాట మహిషాక్షి శబ్దమునుండి పుట్టినది. అది అసలు గుగ్గులువు పేరు. ఆ చెట్టు రాజస్థాన, గుర్జర దేశముల మెట్టనేలలలో పెరుగును.

నేటి వృక్షశాస్త్రము ననుసరించి గుగ్గులువు, సల్లకి దాయాదులు. రెండును బర్సరేసి కుటుంబమునకు చెందినవి. సాలవృక్షము డిప్టెరోకార్పేసి యను వేరొక కుటుంబమునకు చెందినది. రసాయన పరీక్షయు ఈ బంధుత్వమును కొంతవరకు చూపును. సల్లకి, గుగ్గులువుల జిగురులో మూడంశములు కలవు: నీట కరగు బంక, ఆల్కహాలులో కరగు రాల, ఆవిరియగు పరిమళతైలము. అందుచే వీనిని నీటితో నూరినచో పాలవలె తెల్లనగును. సాలపు రాలలో బంక లేదు గనుక అది నీటితో కలియదు. గృహస్థులు ఇంట చేసికొనదగిన పరీక్ష యిది.

అయినను దాయాదులందరును ఒకే తీరు వారు కారు. సల్లకి రాలలో 30 కర్బన పరమాణువులు గల బోస్వెల్లిక్ ఆమ్లములు ప్రధానములు. గుగ్గులువునకు ప్రసిద్ధి తెచ్చినది 21 కర్బన పరమాణువుల గుగ్గుల్‌స్టిరోన్. ఒక్క సల్లకి జాతిలోనే ఎంత భేదమో చూడుడు. మన సల్లకి తైలమున ఆల్ఫా థుజీన్ మెండు. అరబ్బు దేశపు బోస్వెల్లియా సాక్రాలో ఆల్ఫా పైనీన్ హెచ్చు. ఇథియోపియాలోని బోస్వెల్లియా పాపిరిఫెరాలో ఆక్టైల్ ఎసిటేట్ హెచ్చు. కావుననే వాసనలు వేరు. దీనికి విపరీతముగ, సాలకుటుంబపు డ్రయోబలనాప్స్ నుండి వచ్చు పచ్చకర్పూరమును, దాల్చినచెక్క జాతి చెట్టునుండి వచ్చు కర్పూరమును బంధుత్వము లేని చెట్లవైనను, వాని అణువులకు గల తేడా రెండు హైడ్రోజను పరమాణువులు మాత్రమే. నేడు కర్పూరము పెక్కుగా దేవదారు వంటి చీడ్ వృక్షపు తైలమునుండి కర్మాగారములలో తయారగుచున్నదన్నది వేరు సంగతి.

బోస్వెల్లిక్ ఆమ్లములు కీళ్లవాపునకు మందని కొందరు ధూపమునకును ఆ గుణమును ఆరోపింతురు. అది సాహసము. నిప్పులపై ఆ బరువైన ఆమ్లములు చాలవరకు విచ్ఛిన్నమై పోవును. పరిమళించునది తేలిక తైలమే.

తొండుపల్లి మీదుగా కర్నూలు, కడప మార్గమున తిరుమలకు పోవు యాత్రికులు తెలిసికొనదగిన చెట్టొకటి కలదు. శేషాచలపు కొండగుగ్గిలము సామాన్యపు అండుగు చెట్టు కాదు. దానికి 1961లో బోస్వెల్లియా ఓవాలిఫోలియోలాటా యని శాస్త్రనామమిడిరి. అండుగు ఆకుల అంచులు రంపపు పండ్లవలె నుండగా, దీని ఆకులు అండాకారములు. తూర్పు కనుమలలోని ఈ భాగమున దప్ప ప్రపంచమున మరెచ్చటను సహజముగ పెరుగదు. సాలజాతిలోని తంబజాలారియు ఈ కొండల ప్రాంతపు చెట్టే. దాని రాలయు ధూపద్రవ్యమే. ఈ యడవి 1989లో జాతీయోద్యానము, 2010లో జీవావరణ రక్షితప్రాంతము అయ్యెను.

చెట్టు తన గాయమును మూసికొనుటకే జిగురును స్రవించును. పురుగును, బూజును లోనికి రానీయకుండుట దాని పని. జిగురుకొరకు మరల మరల గాటు పెట్టినచో విత్తనమునకు పోవలసిన ఆహారము జిగురుగా పోవును. ఇథియోపియా, ఎరిత్రియాలలో ఎక్కువగా గాటు పెట్టిన సాంబ్రాణి చెట్ల గింజలు సరిగా మొలకెత్తకుండుటను పరిశోధకులు గమనించిరి. కొండగుగ్గిలపు గింజలు స్వతహాగనే కొంచెముగ మొలకెత్తునవి. కొండదారిలో గాటు పెట్టి, ఆరని బంకను గోటితో గిల్లి తీసికొనుట కొందరు యాత్రికుల అలవాటు. అంగడిలో కొన్న సాంబ్రాణి పలుకు ఒక్కటి ఆరాధనకు చాలును.