బుడగలోని ఒత్తిడి

కార్వేటినగరపు వీథిలో ఒక బాలుడు బొప్పాయికాడతో సబ్బునీటి బుడగల నూదుచున్నాడు. ఆ పలుచని నీటిపొర ఎల్లప్పుడును ముడుచుకొన జూచును. ఈ గుణమునకు తలతన్యత యని పేరు. అందుచే బుడగలోని గాలికి ఒత్తిడి కలుగును. బుడగ ఎంత చిన్నదో ఒత్తిడి అంత హెచ్చని 1806లో ఫ్రెంచి పండితుడు లాప్లాసు గణితమున తేల్చెను.

రెండు బుడగలను ఒక గొట్టముతో కలిపినచో అవి సమానమగునని తోచును. పెద్దలు సైతము ఇచట పొరపడుదురు. నిజమునకు చిన్నదానిలోని గాలి పెద్దదానిలోనికి తరలి, చిన్నది చిక్కిపోవును!

మానవుని ఊపిరితిత్తులలోని గాలిగదులును లోపల తడిగల బుడగలవంటివే. తలతన్యతను తగ్గించు పదార్థ మొకటి వానిలో ఊరుచు వానిని కాపాడును. నెలలు నిండని శిశువులకు అది చాలక ఆ గదులు ముడుచుకొనిపోవునని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్ అనువారు కనుగొనిరి. 1980లో జపాను వైద్యుడు ఫుజివారా ఆవు ఊపిరితిత్తులనుండి సిద్ధపఱచిన అట్టి పదార్థమును పదిమంది శిశువుల శ్వాసనాళములలో పోసినట్లు ప్రకటించెను. వారి ఊపిరి తేలికపడెను.