ఉర్దూలోనే చెప్పనియ్యి

బిడ్డా,

నీ ఇంగ్లీషు క్లాసుకొచ్చే తల్లులు ఉర్దూలో జవాబు చెప్తే ఆపాలా అని అడిగావు. ఆపకు. క్లాసులో ఇంగ్లీషు తప్ప వేరే మాట వినపడొద్దన్న పట్టుదల నీకు దిల్‌సుఖ్‌నగర్ స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్లను చూసి పట్టుకున్నట్టుంది. అక్కడ అది కొంతవరకు పనిచేస్తుంది. నల్లగొండ నుంచో ఖమ్మం నుంచో వచ్చి హాస్టల్లో ఉండే పిల్లవాడు పదేళ్లు ఇంగ్లీషు పుస్తకాలు చదివే వస్తాడు. వాడికి లేనిదల్లా నోరు తెరిచే ధైర్యం. బాలాపూర్ బస్తీలో నీ ముందు కూర్చునే రోహింగ్యా తల్లి సంగతి వేరు. మయన్మార్‌లో 1982 పౌరసత్వ చట్టం వాళ్లను పరాయివాళ్లను చేసింది. చాలామందికి బడే అందలేదు. వాళ్ల భాషకు 1980లలో హనీఫీ లిపి తయారైనా, అందులో రాసే అలవాటున్నవాళ్లు తక్కువ. ఇక్కడికొచ్చాక బజారులో, పనుల్లో పట్టుబడ్డ ఉర్దూ ఒక్కటే మీ ఇద్దరికీ కలిసే మాట. దాన్నీ ఆపేస్తే ఆమె నువ్వన్నది చిలకలా అంటుంది, ఇంటికెళ్లి మరిచిపోతుంది.

ఉర్దూకే అలవాటు పడితే ఇంగ్లీషు ఎప్పుడొస్తుంది అంటావు. అమెరికాకు వలస వెళ్లిన పెద్దవాళ్ల తరగతుల గురించి ఎల్సా ఔర్‌బాక్ 1993లో రాస్తూ, ఇంగ్లీషు మాత్రమే అన్న నియమం వెనక బోధన అనుభవం కన్నా నమ్మకం పాలే ఎక్కువని వాదించింది. నాకూ అదే సబబు అనిపిస్తుంది. మందుల చీటీ తీసుకో. డాక్టరు 1-0-1 అని గీకి, పక్కన "ఆఫ్టర్ ఫుడ్" అని రాస్తాడు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, మధ్యాహ్నం వద్దు, తిన్నాకే వేయాలి అని ముందు ఆమెతోనే ఉర్దూలో చెప్పించు. పాపకు ఎన్నాళ్లుగా జ్వరమో చెప్పించు. తను చెప్పాల్సింది తనకు తేటపడ్డాక "ఫీవర్, త్రీ డేస్" అన్న మూడు మాటలు నిలుస్తాయి. వ్యాకరణానికి అప్పుడే తొందరేమొచ్చిందమ్మా? రెన్ అండ్ మార్టిన్ గ్రామరు పుస్తకం సంచిలో వేసుకుని పోయావని విని నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

తెలుగే నేర్పొచ్చు కదా అని మీ నాన్న అన్నాడట. అందులో న్యాయం లేకపోలేదు. కానీ తెలుగైతే కూలీల అడ్డా మీద, ఇంటి ఓనరు దగ్గర ఎంతో కొంత దొరుకుతుంది. కాగితం మీది ఇంగ్లీషు అలా దొరకదు. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు; వాళ్లు చూపించుకునే ముఖ్యమైన కాగితం ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చే కార్డు. అందులో వివరాలు ఇంగ్లీషులో ఉంటాయి. పిల్లల్ని మాత్రం తల్లులతో కలిపి కూర్చోబెట్టకు. సర్కారు బళ్లు 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం పట్టాయి. బడికి పోయే పిల్ల టకటకా చదివేస్తుంటే తల్లి నోరెత్తదు. వచ్చే ఆదివారం ఆ కార్డు మీది పేరు, పుట్టిన తేదీ, గడువు తేదీ వేలు పెట్టి చదివించు. గడువు ముందుగా తనే చూసుకోగలిగితే రెన్యువల్‌ మాట చివరి రోజున తెలిసే అవస్థ తప్పుతుంది.

నీ మేనమామ